ఆఖరి అంకె ఒకటా, ఏడా

వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్ వాళ్ల చేతికి చిక్కిన రోజు, 2019 ఫిబ్రవరి 27, మా ఇంట్లో టీవీ అర్ధరాత్రి దాకా కట్టలేదు. కళ్లకి గంతలు, మొహమంతా రక్తం. ఎవరో ప్రశ్నలు వేస్తున్నారు. ఆయన పేరు చెప్పాడు, హోదా చెప్పాడు, సర్వీసు నంబరు చెప్పాడు. ఇంకేదో గుచ్చి అడిగితే, క్షమించండి, నేను చెప్పాల్సింది ఇంతవరకే అన్నట్టు మర్యాదగా ఆపేశాడు.

నాన్న పడక్కుర్చీలో లేచి కూచున్నారు. "మా పెదనాన్నకీ ఉండేదమ్మా నంబరు. దొడ్డమ్మ పెట్టెలో ఉండాలి."

మూడో రోజుకి అభినందన్ వాఘా దాటి ఇంటికొచ్చేశాడు. మా పని మాత్రం అప్పుడే మొదలైంది.

దొడ్డమ్మ అంటే నాన్నకి పెదనాన్న భార్య, నాకు పెద్దమామ్మ. విజయనగరం దగ్గర మా పల్లెలోనే ఉండేది. 1991లో పోయింది. చిన్నప్పుడు సెలవులకి వెళితే ఆవిడ పక్కనే పడుకునేదాన్ని. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా ఎర్ర గాజులు. యుద్ధానికి వెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. పోయాడని ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది. దాని మీద వచ్చే పింఛను కోసం ట్రెజరీకి వెళ్లి వేలిముద్ర వేసేది. అక్కడి లెక్కలో ఆవిడ విధవ. ఇంటికొస్తే కాదు. ఎవరైనా కదిపితే "కాయితం సూసి ఎవులైనా గాజులు పగలగొట్టుకుంతారేటే" అనేదట.

మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. పోయినవాళ్ల పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ పెట్టి, సాంబ్రాణి ధూపం వేసి, ఆ తర్వాతే మనం కట్టుకోవడం, తినడం. పెద్దతాత పేరున ఏనాడూ బట్టలు పెట్టలేదు, ఆవిడ పెట్టనివ్వలేదు. ఆవిడ పోయిన దగ్గర్నించీ ఆవిడకి చీర పెడుతున్నాం. మరి ఆయనకి? ప్రతి జనవరిలోనూ నాన్నకీ బాబాయికీ ఇదే తగువు. "దొడ్డమ్మ ఒప్పుకోనిది మనం ఎలా పెడతాం" అని నాన్న. "ఒరే అన్నయ్యా, బతికుంటే వందేళ్లురా" అని బాబాయి. పోయిన రోజేదో తెలిస్తే తగువు తీరుతుంది కదా, ఆర్నెల్ల పని అనుకుని దిగాను. అయిదేళ్లు పట్టింది.

ఆ వేసవిలో ఊరెళ్లి అటక మీంచి పెట్టె దింపాం. రేకు ట్రంకు పెట్టె, మూత మీద వెలిసిపోయిన పువ్వులు. లోపల మడతల్లోనే చివికిపోయిన రెండు చీరలు, ఇత్తడి కుంకుమ భరిణె, అడుగున పరిచిన పాత పేపరు, దాని కింద మూడు కాగితాలు. ఒకటి ఫొటో. చెదలు మొహం తినేసి బూట్లూ పిక్కలకి చుట్టిన గుడ్డపట్టీలూ మిగిల్చాయి. రెండోది 1946 నాటి ఇంగ్లీషు ఉత్తరం. పై సగం లేదు, కింది సగంలో చనిపోయినట్టు భావిస్తున్నామన్న వాక్యం, ఎవరిదో కలం సంతకం ఉన్నాయి. మూడోది మనియార్డరు కూపను. పంపినవారి పేరు, నంబరు, దళం పేరు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

నంబరులో ఆఖరి అంకె మీద సరిగ్గా మడత పడింది. ఎనభై ఏళ్లనాటి మడత. ఎండలో పడితే ఒకటిలా ఉంది, దీపం కింద ఏడులా ఉంది. నాన్న భూతద్దం పెట్టి ఒకటన్నారు. మా తమ్ముడు ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి ఏడన్నాడు. నేను లెక్కల టీచర్ని, పిల్లల అంకెలు దిద్దీ దిద్దీ కళ్లు పోయినదాన్ని. నేనే చెప్పలేకపోయాను.

దళం పేరు మాత్రం స్పష్టంగా ఉంది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, అంటే సైన్యానికి బియ్యం, పెట్రోలు, లారీలు చూసేవాళ్లు. "డ్రైవింగు నేర్పుతారని ఎల్లాడట, తుపాకీ పట్టడానిక్కాదు" అన్నాడు బాబాయి. ఊళ్లో ప్రచారం వేరు. పెద్దతాత సుభాష్ చంద్రబోస్ సైన్యంలో చేరాడని మా వీధిలో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మా తాతగారు ఒకప్పుడు వదినగారికి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కోసం తిరిగి తిరిగి వదిలేశారు. రుజువు లేదు మరి.

మొదట ఒక రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాశాను. నాలుగు నెలలకి జవాబొచ్చింది, బంధుత్వం రుజువు చేసే పత్రాలు పంపమని. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి కుటుంబ వివరాల పత్రం తీసుకుని పంపాను. ఇంకో అయిదు నెలలకి ఒకే ఒక్క వాక్యం: ఆ కాలపు రికార్డులు అందుబాటులో లేవు. ఇది ముందే చెప్తే నాకు ఆ తహసీల్దారు ఆఫీసు మెట్లు తప్పేవి.

ఆ తర్వాత మా స్కూల్లో కంప్యూటర్లు చెప్పే కుర్రాడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు చూపించాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికులందరి జాబితా, ఉచితం, ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. పేరు కొట్టగానే వచ్చేస్తుందనుకున్నాను. కానీ మా వైపు పేర్ల సంగతి తెలుసు కదా. సింహాద్రి అప్పన్న పుణ్యమా అని వీధికి నలుగురు అప్పలస్వాములు, ముగ్గురు అప్పలనాయుళ్లు, ఇద్దరు అప్పలనర్సమ్మలు. ఇంగ్లీషు గుమస్తా దాన్ని ఎన్ని రకాలుగా రాయగలడో అన్ని రకాలుగానూ రాశాడు: ఒక పీ, రెండు పీలు, చివర వై, చివర ఐ, మధ్యలో వీ, డబ్ల్యూ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఎక్కువచోట్ల అసలు లేదు. పెద్దతాత పూర్తి పేరు ఇక్కడ రాయను, ఇంట్లో వాళ్లకిష్టం లేదు. అందులో అప్పల ఉందంటే చాలు, నా పాట్లు మీకర్థమవుతాయి.

పేరు వదిలేసి నంబరుతో వెతికాను. చివర ఒకటి పెడితే ఎవరూ రాలేదు. ఏడు పెట్టాను. ఒకే ఒక్క మనిషి వచ్చాడు.

పేరు సగం తప్పు. దళం సరిపోయింది. కింద "ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, విజగపటం" అని ఉంది. తండ్రి పేరు సిమాచలం అని రాశారు. మా ముత్తాత సింహాచలం. ఊరి పేరు చూస్తే అక్షరాల కుప్ప, ఎంతసేపు చూసినా ఏ ఊరో తెలియలేదు. చివరికి ఒక దొర చదివినట్టు నోట్లో గుండ్రాయి పెట్టుకుని బయటికి చదివాను. మా ఊరే. నాన్నకి ఫోన్ చేసి అదే యాసలో మళ్లీ చదివి వినిపించాను. అటువైపు చాలాసేపు మాట లేదు. "ఏడన్నమాట" అన్నారు చివరికి.

తేదీ 1944 ఏప్రిల్. సమాధి లేదు. సింగపూర్ క్రాంజీలో ఉన్న స్మారక స్తంభాల మీద పేరు చెక్కి ఉందని మాత్రం ఉంది. సమాధి దొరకని 24 వేలమందికి పైగా పేర్లు ఆ రాళ్ల మీద ఉన్నాయి. తప్పుగా రాసిన ఆ పేరే మావాడి రాయి.

నాకు పట్టుకున్నది తేదీ. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. 1944 ఏప్రిల్‌లో పోయాడంటే మధ్యలో రెండేళ్లకు పైగా బతికున్నాడు. ఎక్కడ? పెద్దమామ్మకి ఆ రెండేళ్లలో ఒక్క ఉత్తరం ముక్క రాలేదే.

2020లో కరోనా వచ్చి బడులు మూసేశాక రాత్రిళ్లు కూర్చుని చదివాను. లొంగిపోయిన రెండో రోజునే, ఫిబ్రవరి 17న, బ్రిటిష్ అధికారుల్నీ సైనికుల్నీ వేరే పంపి, భారతీయుల్ని ఫారర్ పార్కు అనే మైదానంలో కూర్చోబెట్టారు, దాదాపు 45,000 మందిని. జపాన్ తరఫున మేజర్ ఫుజివారా మాట్లాడాడు, తర్వాత కెప్టెన్ మోహన్ సింగ్. భారత స్వాతంత్ర్యం కోసం ఆజాద్ హింద్ ఫౌజులో చేరమన్నారు. వేలమంది చేరారు. వేలమంది చేరలేదు. ఎందుకు చేరారు, ఎందుకు చేరలేదు అన్నదానికి మనిషికో కారణం ఉంది. ఇంట్లో పంకా కింద కూర్చుని తీర్పు చెప్పడం నావల్ల కాదు. చేరనివాళ్లలో చాలామందిని 1942 చివర్నుంచి ఓడల అడుగు అరల్లో కుక్కి దక్షిణ పసిఫిక్‌లోని దీవులకి పంపారు: న్యూ గినీ, న్యూ బ్రిటన్. విమానాశ్రయాలు చదును చెయ్యడానికి, ఓడలు దింపడానికి, సొరంగాలు తవ్వడానికి. బోసు సింగపూర్ వచ్చి ఫౌజు పగ్గాలు పట్టింది 1943 జూలైలో. అప్పటికి వీళ్లలో చాలామంది ఆ అడవుల్లో ఉన్నారు.

ఆ ఓడల మీద ఖైదీలున్నారన్న గుర్తేమీ ఉండేది కాదు. బూయో మారు అని ఒక ఓడ. 1943 జనవరి 26న అమెరికా జలాంతర్గామి వాహూ దాన్ని ముంచింది, నీళ్లలో పడవల్లో ఉన్నవాళ్ల మీదా కాల్పులు జరిపింది. ఆ పడవల్లో జపాన్ సైనికులతో పాటు పంజాబ్ రెజిమెంటు ఖైదీలు కూడా ఉన్నారు. 195 మంది భారతీయులు పోయారు, జపాన్ వాళ్లు 87 మంది. నాన్నకి ఇది చెప్తే ఎవరి మీద కోప్పడాలో తెలియక నా మీద కోప్పడ్డారు.

జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ దగ్గర యుద్ధఖైదీల కార్డులుంటాయని చదివి అటు మళ్లాను. మొదటి ప్రపంచ యుద్ధం కార్డులు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. రెండోదానివి లేవు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాదిలో కొన్ని రోజులే, అదీ ఇన్ని అని లెక్కపెట్టి తీసుకుంటారు. ఆ రోజు కోసం క్యాలెండర్లో ఎర్రసున్నా చుట్టి, చివరికి టైము తప్పు లెక్కేసుకున్నాను. వాళ్ల పొద్దున్న మన మధ్యాహ్నం. నేను పరీక్ష హాల్లో పేపర్లు పంచుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి తెరిస్తే కోటా అయిపోయింది. లెక్కల టీచర్నని పైన రాసుకున్నాను కదా, దాన్ని కొట్టేసుకోవచ్చు. రెండోసారి సెలవు పెట్టి కూర్చుని ఫారం నింపాను. నెలలు గడిచాక జవాబొచ్చింది, ఆ పేరుతో, ఆ నంబరుతో మా దగ్గర ఏమీ లేదని. చివర్న ఒకటి పెట్టి కూడా చూశామని రాశారు. ఆ ఒక్క మాటకి వాళ్ల మీద గౌరవం పుట్టింది.

ఎందుకు లేదో తర్వాత తెలిసింది. 1929 నాటి జెనీవా ఒప్పందంలోనే ఉంది: ఖైదీ శిబిరానికి చేరిన వారంలోపు ఇంటికి కార్డు ముక్క రాసుకోనివ్వాలి, పేర్లు జెనీవాకి పంపాలి. జపాన్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు. యుద్ధం మొదలయ్యాక, మార్పుచేర్పులతో పాటిస్తామని మాటిచ్చింది. భారతీయ ఖైదీల పేర్లు చాలావరకు జెనీవాకి చేరనే లేదు. యుద్ధం తర్వాత 1949లో కొత్త ఒప్పందం రాసినప్పుడు ఇదంతా విడమరిచారు. ఖైదీ చెప్పాల్సింది పేరు, హోదా, పుట్టినరోజు, నంబరు, అంతే. పట్టుకున్నవాళ్లు వారంలోపు అతనిచేత రెండు కార్డులు రాయించాలి, ఒకటి ఇంటికి, ఒకటి జెనీవాకి. కొట్టకూడదు, జనం ముందు ప్రదర్శన పెట్టకూడదు. అభినందన్ వీడియో తియ్యడమే తప్పు అని అప్పట్లో ఎందుకన్నారో నాకప్పుడు తెలిసింది.

దెబ్బలూ ఆకలీ తర్వాతి సంగతి, పేరు రాయకపోవడంతోనే మొదలవుతుంది అనిపించింది నాకు. లెక్కలో లేని మనిషిని ఏం చేసినా లెక్క చెప్పక్కర్లేదు. 2002లో గ్వాంటనామోకి తెచ్చినవాళ్లని అమెరికా యుద్ధఖైదీలంటానికి ఒప్పుకోలేదు, వేరే మాట కనిపెట్టింది. ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా చెర నుంచి వచ్చినవాళ్లతో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బృందం మాట్లాడితే, అత్యధికులు చిత్రహింసలే చెప్పారు. లోపల ఉన్నవాళ్లని చూడ్డానికి ఆ బృందాన్ని రష్యా రానివ్వలేదు. మన 1971 యుద్ధంలో ఆచూకీ తెలియని 54 మంది మాటేమిటని వాళ్ల ఇళ్లల్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు. 2007లో కొందరు బంధువులు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు కూడా చూసొచ్చారు, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వాళ్ల ఇళ్లల్లో ఎంతమంది పెద్దమామ్మలున్నారో.

మాకు చివరికి దారి చూపించింది ఆస్ట్రేలియా. న్యూ బ్రిటన్ దీవిలో రబౌల్ అనే రేవు ఉంది, చుట్టూ అగ్నిపర్వతాలు. 1945 సెప్టెంబరులో ఆస్ట్రేలియా సైన్యం అక్కడికి చేరేసరికి అయిదు వేలకు పైగా భారతీయ ఖైదీలు ప్రాణాలతో ఉన్నారు. అక్కడే ఆ ఏడాది చివర్నుంచి 1947 దాకా ఆస్ట్రేలియా సైనిక కోర్టులు యుద్ధనేరాల విచారణలు జరిపాయి. ఆ ఫైళ్లు కాన్‌బెర్రాలోని నేషనల్ ఆర్కైవ్స్ స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టింది. ఒక్కో ఫైలు వందల పేజీలు, కార్బన్ కాపీ, అక్షరాలు నీళ్లలో ముంచినట్టు.

చాలా కేసుల్లో ముద్దాయిల వాదన ఒకటే: వీళ్లు యుద్ధఖైదీలు కారు. జపాన్‌కి సాయం చెయ్యడానికి ఇష్టపడి వచ్చిన కూలి దళాలు, మా సైన్యంలో భాగం, మా క్రమశిక్షణ వీళ్లకి వర్తిస్తుంది, మా వాళ్లని మేం కొట్టుకుంటాం. అంటే దెబ్బలు తిన్న ప్రతివాడూ కోర్టుకొచ్చి నన్ను కొట్టారని చెప్పడానికి ముందు నేను ఖైదీనే అని రుజువు చేసుకోవాలి. ఇది చదివిన రాత్రి నాకు ట్రెజరీ గుర్తొచ్చింది. అక్కడ పెద్దమామ్మ ఏటా ఒక కాగితం ఇచ్చేది, మళ్లీ పెళ్లి చేసుకోలేదని.

వాంగ్మూలాలు చదవడానికి కడుపు గట్టిగా ఉండాలి. ఆకలికి జపాన్ తోటలో చిలగడదుంప తీసినందుకు కట్టేసి కొట్టడం. మలేరియాతో లేవలేనివాణ్ణి పనికి ఈడ్చడం. మందులున్నా ఇవ్వకపోవడం. చాలాచోట్ల కొట్టిన కర్ర ఎంత పొడుగో, ఎంత లావో కూడా కోర్టు అడిగింది. సాక్షి చేతులు చాచి చూపిస్తే టైపిస్టు దాన్ని అడుగుల్లో రాశాడు. న్యూ గినీ వైపు కథ ఇంకా ఘోరం. వీవాక్ ప్రాంతానికి తెచ్చిన దాదాపు 3,000 మందిలో చివరికి మిగిలింది రెండు వందల మంది వరకే. హతమ్ అలీ అనే లాన్స్ నాయక్ చెప్పింది ఉంది: తిండి అయిపోయాక జపాన్ సైనికులు రోజుకొక ఖైదీని ఎంచుకుని తీసుకెళ్లేవారని, ఎందుకో. ఆ పేజీ దగ్గర లాప్‌టాప్ మూసేశాను. వారం రోజులు తెరవలేదు. తిన్నారని రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు, కానీ అదే.

అంగోరామ్ అనే చోట ఆస్ట్రేలియా వాళ్లకి దొరికిన చివరి గుంపులో పదకొండు మంది. వాళ్లలో చింత్ సింగ్ అనే జమేదారు సాక్ష్యం చెప్పడానికి ఆగిపోయాడు. మిగిలిన పదిమందీ ఇంటికని విమానం ఎక్కి 1945 నవంబరులో ఆ విమానం కూలి పోయారు. చింత్ సింగ్ ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ వచ్చి సాక్ష్యాలు చెప్పాడు. న్యూ గినీలోని జపాన్ సేనాపతి అదాచీకి యావజ్జీవ శిక్ష పడింది, 1947లో రబౌల్‌లోనే ప్రాణం తీసుకున్నాడు. రబౌల్ సేనాపతి ఇమామురాకి పదేళ్లు.

ఇన్ని ఫైళ్లలో నేను చూసినంతలో సాక్షులు పంజాబీలు, డోగ్రాలు, పఠాన్లు. హిందుస్తానీలో చెప్తే దుబాసీ ఇంగ్లీషులో పెట్టాడు. తెలుగువాడు ఒక్కడూ కనపడలేదు నాకు. మావాడికి ఆర్డర్లు అర్థమయ్యేంత హిందుస్తానీ వచ్చి ఉంటుంది. గోడు చెప్పుకునేంత వచ్చి ఉండదు. ఒకటి మాత్రం ప్రతి సాక్ష్యంలోనూ చూశాను. ఏ సాక్షి అయినా నోరు తెరవగానే ముందు నంబరు చెప్తాడు, తర్వాత పేరు, తర్వాత దళం.

2022 దసరా సెలవుల్లో, రబౌల్ ఫైలు ఒకదాని చివర, కోర్టుకి సమర్పించిన ఒక జాబితా కనపడింది. ఒక పని శిబిరంలో పోయినవాళ్ల పేర్లు, మూడు పేజీలు. నంబరు, పేరు, తేదీ, కారణం. అలవాటు కొద్దీ నంబర్ల వరస మీద వేలు పెట్టి కిందికి వస్తున్నాను. రెండో పేజీ మధ్యలో మా నంబరు. చివర ఏడు కాదు, ఒకటి. పేరు చోట ఉత్త "అప్పల". డ్రైవర్. కారణం బెరిబెరి. తేదీ 1944 సెప్టెంబరు.

కామన్వెల్త్ వాళ్ల జాబితాలో ఒకటితో ఎవరూ లేరని ముందే చూశాను. కాబట్టి ఇది పెద్దతాతే అయ్యుంటాడు. చేత్తో రాసిన ఏడుని టైపు కొట్టినవాడు ఒకటి చేసి ఉంటాడు. మా నాన్నా మా తమ్ముడూ పడిన తగువే ఆ టైపిస్టుకీ వచ్చింది. కానీ అప్పుడు రెండు తేదీలు. ఏప్రిలా, సెప్టెంబరా? ఆ అయిదు నెలలు బతికున్నాడా, లేడా? బెరిబెరి అంటే ఏమిటని బాబాయి అడిగాడు. పాలిష్ పట్టిన బియ్యం తప్ప ఏమీ దొరక్కపోతే వచ్చే జబ్బు, కాళ్లు నీరు పట్టి, గుండె ఆగి పోతారు అని చెప్పాను. బాబాయి వరి రైతు. ఏమీ అనకుండా లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు.

రెండు తేదీల తిథులు తీసి నాన్న పంచాంగం పట్టుకుని పురోహితుడి దగ్గరికి వెళ్లారు. ఆయన రెండూ చూసి, తిథి నిశ్చయం కానివాళ్లకి మహాలయ అమావాస్య ఉంది కదండీ అన్నాడు. నాన్న తల ఊపి వచ్చేశారు, కానీ ఆ అమావాస్యకి ఏమీ చెయ్యలేదు. అడిగితే "ఆలోచిద్దాం" అన్నారు. క్రాంజీ స్తంభం మీద పేరు ఫొటో సింగపూర్లో ఉండే మా కొలీగు అల్లుడి చేత తీయించి తెప్పించాను. తప్పు స్పెల్లింగు, ఎండపడి తెల్లగా మెరుస్తోంది. నాన్న దాన్ని ఫ్రేము కట్టించలేదు, పర్సులో పెట్టుకున్నారు.

2024 సంక్రాంతికి రెండు రోజుల ముందు నన్ను విజయనగరం బజారుకి తీసుకెళ్లారు. ఎప్పుడూ కొనే కొట్టే. పెద్దమామ్మకి చీర తీసుకున్నాం, ఎర్రంచు నేత చీర, ఏటా అదే. డబ్బులివ్వబోతూ నాన్న ఆగారు.

"మగవాళ్లకి ఒకటి చూపించు బాబూ. పెద్దలకి పెట్టడానికి."

కొట్టబ్బాయి అలవాటుగా పంచెలచాపు కట్ట దింపాడు. తాతలకి అందరూ అవే కొంటారు. సన్నంచు, వెడల్పంచు నాలుగైదు పరిచి, "ఎంత వయసాయన బాబూ?" అన్నాడు.

నాన్నకి డెబ్బై నాలుగు. పంచె మడత మీద చెయ్యి అలాగే పెట్టి నావైపు చూశారు. వెబ్‌సైటులో ఉన్న తేదీ, ఫైల్లో ఉన్న తేదీ, ఏది పెట్టి తీసేసినా ఒకటే వస్తుంది. నేను నోట్లోనే లెక్క చెప్పాను.

"ఇరవై నాలుగు" అన్నారు నాన్న కొట్టబ్బాయితో. "కుర్రాడు. ఇవి వద్దు. షర్టు గుడ్డలు చూపించు, కాస్త రంగున్నవి."